ఆవ దాటించిన పావురం

ముసురు పట్టిన రోజున పక్షుల్ని చూడ్డానికి బయలుదేరే ముసలాళ్ళని లోకం ఏమనుకుంటుందో నాకు తెలుసు. మా ఆవిడైతే పైకి అనేసింది కూడా. "ఎండలున్నన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని, వాయుగుండం పట్టాక గుర్తొచ్చాయా పిట్టలు?" అని కాఫీ గ్లాసు నా ముందు ఠక్కున పెట్టింది. ఆమె కోపంలో న్యాయముంది. వారం మొదలైన దగ్గర్నుంచీ ఆకాశం కిందికి దిగి కూర్చుంది. కూర్మన్నపాలెంలో మా డాబా ఎక్కితే రోజూ కనిపించే స్టీలు ప్లాంటు చిమ్నీలు కూడా ఎటు పోయాయో తెలియడం లేదు. అయినా ఖాదర్ ఫోన్ చేసి "బావా, ఇయ్యాల ఆవకి ఎల్దాం" అన్నాడు. ఇంత వానలో ఎందుకంటే "సలికాలం అయిపోతన్నాది కదేటి" అన్నాడు. ఉద్యోగాలు చేసే రోజుల్నించీ ప్రతి చలికాలం ఒకసారి మేమిద్దరం కొండకర్ల ఆవకి వెళ్ళి, ఆ చెరువులో దిగిన వలస బాతుల్ని చూసి రావడం అలవాటు. ఈ ఏడు ఇంకా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు గనక మారుమాట్లాడకుండా కారు తాళాలు తీసుకున్నాను.

ఖాదర్ పాత ఊళ్ళోంచి మొదటి బస్సుకే వచ్చి దిగాడు. తలకి మఫ్లరు, చంకలో గొడుగు, చేతిలో నీలం టార్పాలిన్ ముక్క కప్పిన వెదురుబుట్ట. రేవు పక్కన, వాళ్ళ మేడ కిందే, వాడిది తాళ్ళు, టార్పాలిన్ల కొట్టు. జాలరిపేట పడవల వాళ్ళు సగంమంది వాడి దగ్గరే తాళ్ళు కొంటారు. ఏ వస్తువునైనా టార్పాలిన్‌లో చుట్టందే వాడికి తోచదు కాబట్టి, బుట్టలో టిఫిన్ డబ్బా ఉందనుకున్నాను. కారెక్కి ఒళ్ళో పెట్టుకున్నాక ఆ బుట్ట గుర్రు గుర్రుమంది.

"ఏటది?" అన్నాను. వాడితో మాట్లాడితే నాకూ వాడి యాసే వస్తుంది.

"సుర్మా."

"పిట్టల్ని సూడ్డానికి పిట్టని అట్టుకెల్తన్నావేటి?"

"నువ్వు బండి పోనీ బావా. తోవలో సెప్తాను."

తోవలో చెప్పాడు. సగం సంగతి నాకు ముందే తెలుసు. వాళ్ళ తాతనాటి మేడ అన్నదమ్ముల పంపకాల్లో పడి, చివరికి బిల్డరు చేతికి వెళ్ళింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఖాదర్ కొడుకు స్టీలు ప్లాంటులో పనిచేస్తాడు. మా కూర్మన్నపాలెంలోనే, మా వెనక వీధిలో ఫ్లాటు కొనుక్కున్నాడు. ఖాదర్ ఇక అక్కడికి మారాలి. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో వాడితో అనలేదు. ఒకడి ఇల్లు పోతూంటే ఇంకొకడు సంబరపడటం బాగుండదు కదా. ఫ్లాట్లలో పావురాల్ని ఒప్పుకోరు. అందుకని మేడ మీద గూళ్ళలో ఉన్నవన్నిటినీ సబ్బవరంలో ఉన్న మేనల్లుడికి ఇచ్చేశాడు. అక్కడ వాడికి మామిడి తోటా, రేకుల షెడ్డూ ఉన్నాయి. పిట్టలన్నీ అక్కడ కుదురుకున్నాయి, ఈ సుర్మా తప్ప. కంటి చుట్టూ సుర్మా దిద్దినట్టు నల్లటి గీత ఉన్న ఆడపిట్ట ఇది. షెడ్డు తలుపు తీస్తే చాలు, సాయంత్రానికల్లా పాత ఊళ్ళో మేడ మీద ఉండేది. ఎన్నిసార్లు తీసుకెళ్ళి దింపినా అంతే.

"ఇంటి మీద గునపం పడ్డాక కూడా ఇలాగే ఒచ్చీసిందనుకో, ఎక్కడ వాల్తాది బావా? పిల్లికో గద్దకో ఎరయిపోద్ది. అది మరిసిపోవాల. మరిసిపోయీలా నానే సెయ్యాల."

"దానికి ఆవకెందుకు?"

"నీళ్ళు దాటించడానికి," అన్నాడు ఖాదర్, ఇంతకన్నా తెలిసిన సంగతి లోకంలో ఉందా అన్నట్టు.

ఆ మాట వినగానే, అద్దం మీద వైపరు అటూ ఇటూ ఊగడం చూస్తూనే నేను చాలా వెనక్కి వెళ్ళిపోయాను. మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగమైనప్పుడు కోనసీమ నుంచి మమ్మల్ని తీసుకొచ్చి పెట్టింది ఖాదర్ వాళ్ళ మేడలో వెనక వాటాలోనే. రెండు గదులు, ఒక వసారా, మెట్లెక్కితే ఉమ్మడి డాబా. ఉమ్మడి అనేది పేరుకే, డాబాకి అసలు హక్కుదార్లు పావురాలు. ఖాదర్ తాతని వీధి వీధంతా మస్తాన్ తాత అనేది. ఆయన తెల్లవారుజామున నమాజు చేసుకుని, గళ్ళ లుంగీ ఎగగట్టి, జొన్నల డబ్బా గలగలలాడిస్తూ మెట్లెక్కేవాడు. ఆ చప్పుడు వింటే మా ఇంట్లో పొయ్యి వెలిగించే వేళయిందని లెక్క. ఆ డాబా వాసన ఇప్పటికీ నాకు ముక్కులో ఉంది. జొన్నలు, తడిసిన ఈకలు, రెట్టల ఘాటు, కింద నుంచి ఖాదర్ నానమ్మ బీబమ్మ వేసిన సాంబ్రాణి పొగ, వీటన్నిటి మీదుగా రేవు మీంచి ఎండుచేపల గాలి. గాలి అటు తిరిగితే పోర్టులో పోసిన ఇనప ఖనిజం ధూళి వచ్చి పడేది. పొద్దున్న ఆరేసిన పంచె సాయంత్రానికి కావిరంగు తిరిగేది. తెల్ల పావురాలదీ అదే గతి.

మా అమ్మకి ఇవేవీ గిట్టేవి కావు, పావురాలు మరీను. ఆవిడ కష్టపడి పిండి రుబ్బి, పాత పంచె మీద మినపవడియాలు పెట్టి కిందికి దిగేలోపల గుంపంతా వాలి పొడిచి వదిలిపెట్టేది. "ఏవండీ తాతగారూ, మీ పిట్టలు మా వడియాలు తినేస్తన్నాయండీ, ఆయ్!" అని గోదావరి మర్యాద ఒక్క పిసరు కూడా తగ్గకుండా పోట్లాడేది. ఆయన నవ్వి "పిట్ట ముట్టిన సరుకు బర్కత్తు తల్లీ, ఇంటికి కలిసొస్తాది" అనేవాడు. "బర్కత్తు మీకండీ, వడియాలు మావండీ" అనేది అమ్మ. ఆ పోట్లాట ఎంత నిత్యకృత్యమైపోయిందంటే, ఒకరోజు పావురాలు రాకపోతే అమ్మే కాస్త కంగారుపడి, మెట్ల దగ్గర నిలబడి పైకి చూసేది.

మస్తాన్ తాతకి తనవైన నియమాలుండేవి. ఎగరేసిన పిట్టల్లో ఆఖరుది డాబా మీద దిగేవరకూ ఆయన అన్నం ముట్టేవాడు కాడు. "పిట్ట దిగందే ముద్ద దిగదు" అనేది ఆ ఇంటి మాట. బీబమ్మ కంచం మీద కంచం బోర్లించి, గోడకి చేరబడి, విసుగూ చిరాకూ లేకుండా కూర్చునేది. రెక్కకి దారం కట్టకపోవడం ఇంకో నియమం. ఆ రోజుల్లో పాత ఊళ్ళో మేడమేడకీ పావురాలుండేవి. ఒకరి గుంపులో ఇంకొకరి పిట్ట వచ్చి కలిస్తే, దాన్ని పట్టుకుని రెక్క ఈకలకి దారం చుట్టి ఎగరకుండా చేసేవారు. కొత్త చోట జోడు కుదిరి గుడ్లు పెట్టాక దారం తీసేసేవారు. అప్పటికది వాళ్ళ పిట్ట అయిపోయేది. తాత మాత్రం దారి తప్పి వచ్చిన పిట్టకి నీళ్ళు తాగించి వదిలేసేవాడు. "దారం కట్టి ఉంచుకున్నది పిట్ట కాదురా, ఖైదీ" అనేవాడు. ఖాదర్ ఆ మాట వింటూ పెరిగాడు. తాళ్ళ కొట్టు పెట్టి లోకంలో ఉన్న ముడులన్నీ నేర్చాడు గానీ, పిట్ట రెక్క మీద మాత్రం ఒక్క ముడీ వెయ్యలేదు.

మరి తన పిట్టల్నే ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే తాత ఏం చేసేవాడంటే, నీళ్ళు దాటించేవాడు. రేవు కాలువ అవతల కొండ కింద ఆయన చుట్టాలుండేవారు. వాళ్ళకి జత ఇచ్చేటప్పుడు తనే బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పడవలో కాలువ దాటించి అప్పగించి వచ్చేవాడు. "నీళ్ళు దాటిన పిట్ట ఎనక్కి సూడదు" అనేవాడు. అలా వెళ్ళినవి ఒక్కటీ తిరిగి రాకపోవడం ఖాదరూ నేనూ కళ్ళారా చూశాం. అక్కడివాళ్ళు వాటికి దారాలు కట్టారో, గూట్లో మూసి పెట్టారో ఎవరికి తెలుసు? చిన్నప్పుడు కళ్ళతో చూసింది తరవాత చదివిన చదువుకి లొంగదు.

కానీ ఆ నమ్మకం తప్పని రుజువు చేసే మనిషి మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మ గోదావరి దాటే వచ్చింది. పంటు మీద ట్రంకుపెట్టె, పెట్టె మీద నేను. ఆవిడ వెనక్కి చూడని రోజు నాకు గుర్తు లేదు. ఆ పెట్టె సర్ది గూట్లో పెట్టనే లేదు. కావలసిన చీర ఒకటి తీసుకోవడం, ఉతికి మళ్ళీ అందులోనే మడత పెట్టి తాళం వెయ్యడం. ఎవరైనా "మీ ఇల్లెక్కడమ్మా" అని అడిగితే కోనసీమలో ఊరి పేరు చెప్పేది. బీబమ్మ ఆ పెట్టెని కొన్నాళ్ళు చూసి చూసి "ఉండనీయమ్మా. గుడ్డెట్టీదాకా ఏ పిట్టయినా పాత గూటికేసే సూత్తాది" అంది. అమ్మకి ఒళ్ళు మండింది. పిట్టతో పోల్చినందుకు కాదట, పావురంతో పోల్చినందుకట. ఆ ఏడే చెల్లి కడుపున పడింది. కాన్పుకి పుట్టింటికి వెళ్దామంటే గోదావరికి వరదొచ్చి పంట్లు ఆగిపోయాయి. కాన్పు ఇక్కడే, బీబమ్మ చేతుల మీదే జరిగింది. పొత్తిళ్ళకి పాత చీరలన్నీ కావలసి వచ్చి పెట్టె ఖాళీ అయిపోయింది. చెల్లికి మెడ నిలిచాక అమ్మ పిల్లనెత్తుకుని పుట్టింటికి వెళ్ళింది. కొన్నాళ్ళుండి వస్తానన్న మనిషి వారం తిరక్కుండా గుమ్మంలో దిగింది. నాన్నగారు ఏమైందోనని కంగారుపడితే "ఏమీ అవలేదండీ. చూశాను కదా, చాలు" అని, చెల్లిని బీబమ్మ చేతిలో పెట్టి, పొయ్యి అలకడానికి వెళ్ళిపోయింది.

ఈ సంగతంతా ఖాదర్‌కి చెబుదామనే అనుకున్నాను. ఒళ్ళో బుట్ట పెట్టుకుని, టార్పాలిన్ అంచు ఎత్తి మాటిమాటికీ లోపలికి తొంగి చూస్తున్న వాణ్ణి చూసి నోరు మూసుకున్నాను. మనిషి గట్టిగా పట్టుకున్న కర్రని తోవ మధ్యలో లాక్కోకూడదు.

ఆవ దగ్గరికి చేరేసరికి ముసురు సన్నని చినుకైంది. గట్టు మీద తాటిచెట్ల తలలు మాత్రం కనబడుతున్నాయి, కొండలు మబ్బులో కలిసిపోయాయి. నీళ్ళ మీద తామరాకులు చినుకుల్ని పట్టుకుని దొర్లిస్తున్నాయి. ఆ గట్టు మీద నిలబడినప్పుడల్లా మేమిద్దరం మొదటిసారి వచ్చిన రోజు గుర్తొచ్చి నాకు నవ్వు వస్తుంది. ఆవ నిండా బాతులు దిగి ఉన్నాయి. నేను బైనాక్యులర్స్ సర్దుకుంటూంటే, ఖాదర్ వాటికేసి అలాగే చూసి, పడవవాడితో చాలా గౌరవంగా "ఎవరివయ్యా ఈ పిట్టలు? బాగా పెంచినారు" అన్నాడు. వాటికి యజమాని లేడనీ, ఎక్కడో చలిదేశాల నుంచి వాటంతట అవే వస్తాయనీ, మళ్ళీ వాటంతట అవే పోతాయనీ వాడికి నమ్మకం కలిగించడానికి నాకు ఆ పూటంతా పట్టింది. నమ్మాక కూడా "మరి ఇవన్నీ దిగినాయో నేదో సూసుకునీవోడెవడు?" అని దిగులుపడ్డాడు. అప్పట్నుంచీ ఏటా వచ్చి ఆ పని వాడే చేస్తున్నాడు. నేను ముక్కు ఎలా ఉంది, తోక ఎలా ఉంది అని చూస్తాను. వాడు ఏదైనా వెనకబడిందా అని చూస్తాడు.

పడవవాడు సన్నిబాబు మాకు పాత స్నేహితుడే. గోనె సంచి తలమీంచి కప్పుకుని, మమ్మల్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఈ ముసుర్లో ఏటి బాబూ! పిట్టలు రెల్లులో ముడుసుకుని తొంగున్నాయి. బుట్టలో ఏటి, కోడా?"

"పావురం," అన్నాడు ఖాదర్.

"ఓర్నాయనో! ఆవలో ఉన్నవి సాలకేటి, ఇంటికాడ్నుంచి కూడా తెచ్చుకున్నారు?"

అక్కడి పడవంటే రెండు తాటిదోనెలు పక్కపక్కన బిగించి కట్టినది. కాళ్ళు చాపుకుని కూర్చుంటే నడుములు నీళ్ళకి జానెడు పైన ఉంటాయి. ఖాదర్ గొడుగు తన నెత్తిన కాకుండా బుట్ట నెత్తిన పట్టాడు. సన్నిబాబు గెడ వేస్తూ మమ్మల్ని తామరాకుల సందుల్లోంచి తీసుకెళ్ళాడు. నా బైనాక్యులర్స్ అద్దాలు ఆవిరి పట్టి, తుడిచినకొద్దీ మసకేసి, చివరికి మెళ్ళో బరువుగా మిగిలాయి. అయినా ఆ పూట చూసినంత దగ్గరగా పక్షుల్ని నేనెప్పుడూ చూడలేదు. వానకి అవీ బద్ధకించాయి. ఎర్ర ముక్కుల నీటికోళ్ళు మమ్మల్ని చూసి కూడా పక్కకి జరగలేదు. ఎండిన చెట్టు మీద నత్తగుళ్ళకొంగలు మెడలు భుజాల్లోకి దించుకుని, రేషను షాపు ముందు నిలబడ్డ పెద్దమనుషుల్లా ఉన్నాయి. రెల్లు అవతల, నీళ్ళు కాస్త తేటగా ఉన్నచోట, సూదితోక బాతుల గుంపు. "అయిగో, ఒచ్చీసినాయి," అన్నాడు ఖాదర్ మెల్లగా. "బాగానే దిగినాయి బావా." వాడి ముఖం తేటపడింది. కాసేపు ఇద్దరం బుట్ట సంగతి మరిచిపోయాం. ఆ కాసేపు నాకు చాలా హాయిగా గడిచింది.

అవతలి గట్టున దిగాక ఖాదర్ బుట్ట మూత తీశాడు. వాడి లెక్క సులువైంది. వదిలాక సుర్మా కొండల వైపు తిరిగితే సబ్బవరం పోయినట్టు, అంటే నీళ్ళు పని చేసినట్టు. సముద్రం వైపు తిరిగితే పాత ఊరు. వాడు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, గడ్డం దాని తలకి ఆనించి "దిగులెట్టుకోకే. ఎనక్కి సూడకు" అన్నాడు. ఆ మాట దానితోనే అన్నాడో లేదో నాకు తెలియదు. చేతులు పైకి విసిరాడు. సుర్మా చినుకుల్లోకి టపటపా లేచి, మా నెత్తిమీద ఒక చుట్టు తిరిగి, ఇంకాస్త పెద్ద చుట్టు తిరిగింది. సరిగ్గా అప్పుడే ఆవ మీద బాతులన్నీ ఒక్కసారి గోలగా లేచాయి. రెల్లు మీంచి డేగ వస్తోంది. చెప్పొద్దూ, నేను డేగల మనిషిని. ఆవకి నేను వచ్చేదే డేగ కోసం. అది బాతుల్ని లేపే క్షణం కోసం గంటలు గంటలు బురదలో నిలబడ్డవాణ్ణి. ఆ పూట మాత్రం "పోవే, నీ అమ్మ కడుపు కాలా, పో!" అని చిన్నపిల్లాడిలా చేతులూపుతూ అరిచాను. డేగ అటు తిరిగింది. సుర్మా మబ్బులోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయే ముందు తిరిగింది సముద్రం వైపే.

ఖాదర్ అటే చూస్తూ ఖాళీ బుట్టకి మూత పెట్టాడు. "అటే పోనాది," అన్నాడు చివరికి. "తాత మాట ఏటయిపోనాది బావా?"

అప్పుడు చెప్పాను. "మా అమ్మ గోదారి దాటే ఒచ్చింది కదరా. ఎన్నాళ్ళు ఎనక్కి సూసిందో నీకు తెల్దేటి?"

వాడు నాకేసి కోపంగా చూశాడు. "ఆ మాట ముందే సెప్పొచ్చు కదేటి! ఇంత ముసుర్లో దాన్ని ఒదిలీసినాను. డేగ ఎనకాల పడితే? రెక్కలు తడిసి ఏ తుప్పలోనో పడిపోతే?" అంటూ దోనె వైపు పరుగులాంటి నడక నడిచాడు. మా ఆవిడ కట్టిచ్చిన ఉప్మా గట్టు మీద విప్పుదామంటే వద్దన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఇంటి మాట నాకూ తెలుసు.

ఆవ నుంచి పాత ఊరు దాకా వాడు కిటికీ అద్దం దించి, వాన లోపలికి కొడుతున్నా తల బయట పెట్టి పైకే చూస్తూ వచ్చాడు. నాకు భయం వేసింది. ఆ పిట్ట రాకపోతే ఖాదర్ కొత్త ఫ్లాటుకి ఎలాంటి మనిషిగా వస్తాడో అని భయం. మేడ చేరి మెట్లెక్కాం. గూళ్ళ చెక్కలన్నీ అప్పటికే ఊడదీసి ఓ మూల పేర్చి ఉన్నాయి. పిట్టగోడ మీద ఏమీ లేదు. ఒకప్పుడు ఈ డాబా మీద నిలబడితే చుట్టూ ప్రతి మేడ మీదా ఎవడో ఒకడు ఈల వేస్తూ, గుడ్డ ఊపుతూ, పక్కవాణ్ణి తిడుతూ కనబడేవాడు. ఒకరి గుంపు ఒకరి గుంపులోంచి దూసుకుపోతూంటే ఆకాశంలో చోటు లేనట్టుండేది. ఇప్పుడు నల్ల నీళ్ళ ట్యాంకులు, సెల్ టవర్లు. వాటికి అవతల పోర్టు క్రేన్లు. ఆకాశం మాత్రం కావలసినంత ఖాళీ. ఖాదర్ జొన్నల డబ్బా తీసి గలగలలాడించి "ఆ… ఆ… ఆ…" అని పిలిచాడు. గొంతు అచ్చం వాళ్ళ తాతదే. నీళ్ళ ట్యాంకు కింద చీకట్లో ఏదో కదిలింది. తడిసి ముద్దై, తోకలో ఈక ఒకటి ఊడి, సుర్మా నడుచుకుంటూ బయటికొచ్చి వాడి పాదం మీదెక్కి నిలబడింది.

ఖాదర్ నవ్వాడు. నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు. నాకూ ఏడుపాగలేదు. ఇద్దరం ముసలాళ్ళం వానలో డాబా మీద కూర్చుని ఒక పావురం కోసం ఏడవడం ఎవరైనా చూసి ఉంటే బాగుండేది కాదు. చూడటానికి ఆ చుట్టుపక్కల డాబాల మీద ఎవరూ లేరు.

కాసేపటికి వాడు కొట్లోకి దిగివెళ్ళి ఒక నూలుపోగు తెచ్చాడు. దాన్ని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "తాత సూత్తే సంపీసును," అన్నాడు. ఇంకా కాసేపయ్యాక, నాకేసి చూడకుండా, "బావా, మీ డాబా మీద సోటుందా?" అన్నాడు. ఆ మాట అడగడానికి వాడికి ఆవ దాటాల్సి వచ్చింది. నేను పిట్టని పట్టుకున్నాను, వాడు రెక్కకి ముడి వేశాడు. లాగితే ఊడిపోయే ముడి, కానీ పిట్ట లాగలేని ముడి. వేస్తున్నంతసేపూ వాడి పెదాలు కదులుతూనే ఉన్నాయి. తాతని క్షమించమని అడుగుతున్నాడేమో.

మా ఆవిడ గోలపెడుతుందనుకున్నాను. పెట్టింది కూడా. కానీ తడిసిన పిట్టని పాత తువ్వాలుతో తుడిచింది ఆవిడే. చివరికి ఒకే ఒక్క షరతు పెట్టింది. "రెట్టలెత్తే పూచీ అన్నయ్యగారిదే. రోజూ పొద్దున్నే రావాలి." అంతకన్నా మంచి షరతు నేను పెట్టలేకపోయేవాణ్ణి. ఊడదీసిన గూటి చెక్కలతోనే ఖాదర్ మా డాబా మీద గూడు కట్టాడు. సబ్బవరంలో పుట్టిన కుర్ర మొగపిట్టని తెప్పించి జోడు కలిపాడు. నెలాఖరుకి వాడూ ఫ్లాటుకి మారాడు. రోజూ పొద్దున్నే వచ్చి, డాబా కడిగి, గింజలేసి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి "మావోడి ఫ్లాటుకి పోతాను" అని లేచేవాడు. సుర్మా పిట్టగోడ ఎక్కి, ఎప్పుడు చూసినా పాత ఊరి వైపే తిరిగి కూర్చునేది. మేడ పడగొట్టడం మొదలెట్టారని ఎవరో చెప్పారు. ఒకసారి వెళ్ళి చూద్దామా అంటే "మట్టి కుప్పని ఏటి సూత్తాం?" అని మాట తప్పించాడు. రెండోసారి అడిగితే కొట్టు పని ఉందన్నాడు. కొట్టు అద్దె గదిలోకి మార్చాడు, ఆ వీధిలోనే. కానీ మేడ ఉన్న వైపు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడని నాకు తరవాత తెలిసింది.

సుర్మా గుడ్లు పెట్టింది. మా ఆవిడ ముందు చూసి, కింద నుంచే నన్ను కేకేసింది. పావురాల ఇంట్లో గుడ్లు పొదగడం ఇద్దరి పని. పగలు మొగపిట్ట కూర్చుంటుంది, పొద్దు వాలేవేళకి ఆడపిట్ట వచ్చి తన చోటు తీసుకుంటుంది. నాలుగు రోజులు పోనిచ్చి, మొగపిట్ట గుడ్ల మీద కూర్చున్నాక, ఖాదర్ సుర్మాని పట్టుకుని ముడి చివర లాగాడు. దారం ఊడి వచ్చింది. ఆ రోజు కూడా మబ్బే. సుర్మా రెక్క ఒకసారి విదిలించి, రెండోసారి విదిలించి, లేచింది. మా వీధి మీద చుట్టు తిరిగి, చిమ్నీల పొగ పక్కనుంచి నేరుగా పాత ఊరి వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మా ఆవిడ భోజనానికి పిలిచింది. ఖాదర్ లేవలేదు. వాడు లేవకుండా నేనూ లేవలేకపోయాను. ఆవిడ రెండుసార్లు పిలిచి, కంచాల మీద కంచాలు బోర్లించి, తనూ డాబా మెట్ల మీద వచ్చి కూర్చుంది. అచ్చం బీబమ్మలాగే గోడకి చేరబడింది. చినుకు పడి వెలిసింది. మొగపిట్ట గుడ్ల మీద అసహనంగా కదిలింది. ఖాదర్ డబ్బా గలగలలాడించలేదు, పిలవలేదు. "పిలిస్తే ఒచ్చేది వేరు, అదంతటది ఒచ్చేది వేరు," అన్నాడు. నాకు లోపల లోపల మా అమ్మ గుర్తొస్తోంది.

పొద్దు వాలుతుండగా అది వచ్చింది. ఎటు నుంచి వచ్చిందో కూడా చూడలేదు, మేం పాత ఊరి వైపే చూస్తూ కూర్చున్నాం. రెక్కల చప్పుడు వినబడి తిరిగి చూసేసరికి గూటి ముందు నిలబడి ఉంది. కాళ్ళకి ఎర్రటి ఇటుక ధూళి. లోపలికి వెళ్ళి, షిఫ్టు మారేవేళకి వచ్చినవాడు ఎదటివాణ్ణి లేపినట్టు, మొగపిట్టని ముక్కుతో నెట్టి లేపి, గుడ్లు సర్దుకుని కూర్చుంది.

"సూసొచ్చీసింది బావా," అన్నాడు ఖాదర్.

కిందికి దిగి కంచాల ముందు కూర్చున్నాం. అన్నం చల్లారిపోయింది. వాడు పప్పు కలుపుతూ, ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు.

"రేపు కారు తియ్యి బావా. పాత ఊరెల్లి ఓపాలి సూసొచ్చీద్దాం."

"ఎప్పుడు ఎల్దాం?"

"పొద్దున్నే. దీనికి గింజలేసీసి బయల్దేరదాం," అన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, మళ్ళీ అన్నాడు, "మజ్జానానికి మాత్రం ఇంటికొచ్చీయాల."